టెర్మినల్ నుంచి కొత్త డేటాబేస్ సృష్టించాను, కానీ టేబుల్ పెట్టనివ్వడం లేదు (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16)

పుస్తకాలబీరువా | మొదటి రోజు, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా మండల కేంద్రంలోని చిన్న గ్రంథాలయంలో సుమారు 6,000 పుస్తకాలు ఉన్నాయి. వాటి వివరాలన్నీ ఇంతవరకూ గీతల రిజిస్టర్లలోనే ఉన్నాయి కాబట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేను స్వచ్ఛందంగా తీసుకున్నాను. ఎవరో ఇచ్చిన పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేసి, దాంతో వచ్చే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16 అనే డేటాబేస్ సర్వర్‌ను పెట్టుకున్నాను. బొమ్మలతో నడిచే సాధనాలు ఆ యంత్రం మీద బాగా నెమ్మదిగా సాగుతున్నందువల్ల అంతా టెర్మినల్ నుంచే చేస్తున్నాను. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను.

చాలా ఏళ్ల కిందటి ఒక పాఠం చూసి ఇలా చేశాను. ముందు "సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌యూజర్ -పి సిబ్బంది" అని కొట్టి (పి పెద్ద అక్షరం) సిబ్బంది అనే యూజర్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. తరువాత "సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌డీబీ పుస్తకాలు" అన్నాను. ఆపైన పీఎస్‌క్యూఎల్ అనే, సర్వర్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రాంలోకి వెళ్లి "గ్రాంట్ ఆల్ ప్రివిలేజెస్ ఆన్ డేటాబేస్ పుస్తకాలు టు సిబ్బంది" అని అనుమతి ఇచ్చాను. మూడూ ఏ ఎర్రరూ లేకుండా జరిగాయి. కానీ సిబ్బంది పేరుతో లోపలికి వెళ్లి మొదటి టేబుల్ సృష్టించబోతే "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" అని వస్తోంది. అన్ని అనుమతులూ ఇచ్చిన తరువాత కూడా ఏ అనుమతి తక్కువైందో నాకు అంతుపట్టడం లేదు.

నల్లతెర | మొదటి రోజు, ఉదయం 8:25

మీరు చేసిన పనిలో తప్పు లేదు, మీరు చూసిన పాఠానికి వయసు మీరింది. 2022 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ దాకా, డేటాబేస్‌లోకి ప్రవేశించగలిగిన ప్రతి యూజరూ పబ్లిక్ అనే స్కీమాలో (డేటాబేస్ లోపల టేబుళ్లు ఉండే గదిలాంటి విభాగంలో) టేబుళ్లు పెట్టుకోగలిగేవారు. ఇది భద్రతకు మంచిది కాదని 15లో ఆ హక్కును అందరి నుంచీ తీసేసి, పబ్లిక్ స్కీమాను "పీజీ_డేటాబేస్_ఓనర్" అనే ప్రత్యేక పాత్ర కిందికి తెచ్చారు. ఆ డేటాబేస్‌కు ఎవరు ఓనర్‌గా ఉంటే వారే ఆ పాత్రలో ఆటోమేటిక్‌గా సభ్యులవుతారు.

ఇక మీరు ఇచ్చిన గ్రాంట్ సంగతి. డేటాబేస్ మీద "ఆల్" అంటే మూడే హక్కులు: కనెక్ట్ కావడం, తాత్కాలిక టేబుళ్లు పెట్టుకోవడం, కొత్త స్కీమాలు సృష్టించడం. ఇప్పటికే ఉన్న స్కీమాలో టేబుల్ పెట్టే హక్కు ఆ మూడింటిలో లేదు. ఇంటి గేటు తాళం ఇచ్చారు, గది తాళం ఇవ్వలేదు.

మీకు ఇప్పుడు కావలసింది ఒక్క వాక్యమే: "ఆల్టర్ డేటాబేస్ పుస్తకాలు ఓనర్ టు సిబ్బంది". మొదటినుంచీ చేసుంటే క్రియేట్‌డీబీకి పెద్ద ఓ ఆప్షన్ చేర్చి "క్రియేట్‌డీబీ -ఓ సిబ్బంది పుస్తకాలు" అంటే సరిపోయేది, ఆ గ్రాంట్ అవసరమే ఉండేది కాదు. నా మట్టుకు నేను పెద్ద ఓ లేకుండా క్రియేట్‌డీబీ కొట్టి చాలా ఏళ్లయింది.

తొలిఅడుగు | మొదటి రోజు, ఉదయం 9:10

నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. ఈ చర్చకు దగ్గరగా ఉందని నా సందేహం కూడా ఇక్కడే అడుగుతున్నాను, మన్నించండి. నేను పీఎస్‌క్యూఎల్ తెరిచి "క్రియేట్‌డీబీ కళాశాల" అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏ ఎర్రరూ రాలేదు, ఏ సమాధానమూ రాలేదు. అయిందనుకుని జాబితా చూస్తే ఆ పేరు లేదు.

నల్లతెర | మొదటి రోజు, ఉదయం 9:22

అడిగి మంచి పని చేశారమ్మా, ఈ పొరపాటు దాదాపు అందరూ ఒకసారి చేస్తారు. తెర మీద ప్రాంప్టును జాగ్రత్తగా చూడండి. మీరు కొట్టకముందు "పోస్ట్‌గ్రెస్" అన్న మాట తరువాత సమాన గుర్తు, హాష్ గుర్తు ఉంటాయి. ఎంటర్ నొక్కాక ఆ సమాన గుర్తు స్థానంలో చిన్న అడ్డగీత వచ్చి ఉంటుంది. "వాక్యం పూర్తి కాలేదు, సెమికోలన్ కోసం చూస్తున్నాను" అని పీఎస్‌క్యూఎల్ చెప్పే విధానం అది. ఇప్పుడు మీరు సెమికోలన్ ఇచ్చినా "సింటాక్స్ ఎర్రర్" వస్తుంది, ఎందుకంటే క్రియేట్‌డీబీ అనేది ఎస్‌క్యూఎల్ మాట కాదు. అది బయట, అంటే షెల్ ప్రాంప్టు దగ్గర నడిచే విడి ప్రోగ్రాం. లోపల ఉన్నప్పుడు "క్రియేట్ డేటాబేస్ కళాశాల" అని రెండు మాటలుగా రాసి చివర సెమికోలన్ పెట్టాలి. సగంలో ఆగిన వాక్యాన్ని చెరిపేయడానికి బ్యాక్‌స్లాష్ పక్కన ఆర్ కొట్టండి.

నిజానికి బయటి క్రియేట్‌డీబీ చేసేదీ అంతే. అది ముందు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు కనెక్ట్ అయి, మీ ఆప్షన్లన్నిటినీ కూర్చి ఒక క్రియేట్ డేటాబేస్ వాక్యంగా పంపుతుంది. చిన్న ఈ ఆప్షన్ ఇస్తే ఆ వాక్యాన్ని తెర మీద చూపిస్తుంది కూడా. నేర్చుకునే రోజుల్లో ఆ ఆప్షన్‌తోనే నడపండి.

ఏనుగుబొమ్మ | మొదటి రోజు, ఉదయం 10:05

రెంటికీ ఒక తేడా ఉంది, అది నన్ను ఒకసారి అరపూట తిప్పలు పెట్టింది. బయటినుంచి క్రియేట్‌డీబీకి పెద్ద అక్షరంతో మొదలయ్యే పేరు ఇస్తే ఆ పెద్ద అక్షరం అలాగే నిలుస్తుంది. లోపల కోట్స్ లేకుండా అదే పేరు రాస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని చిన్న అక్షరాలుగా మార్చేస్తుంది. కాబట్టి బయట సృష్టించిన దానిని లోపల డ్రాప్ డేటాబేస్ అంటే అలాంటిది లేదంటుంది. డబుల్ కోట్స్ పెడితే గానీ దొరకదు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

పేరు తెలుగు లిపిలోనే పెట్టవచ్చా అని కొందరు అడుగుతుంటారు. పెట్టవచ్చు, కానీ పేరుకు పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి కనుక మొత్తం 21 గుర్తులే పడతాయి. "గ్రంథాలయం" అన్న మాటకే 9 గుర్తులు, 27 బైట్లు. పైగా డేటాబేస్ పేర్ల జాబితా సర్వర్ మొత్తానికి ఒక్కటే కాబట్టి, పక్కన వేరే ఎన్‌కోడింగ్ ఉన్న డేటాబేస్ ఉంటే అక్కడి నుంచి ఈ పేరు సరిగా కనిపించదు. లోపలి సమాచారమంతా తెలుగులో ఉండనివ్వండి, డేటాబేస్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచమని నా సలహా.

పుస్తకాలబీరువా | మొదటి రోజు, మధ్యాహ్నం 1:15

నల్లతెర గారూ, ఓనర్‌ను మార్చగానే టేబుల్ సృష్టి జరిగింది. ధన్యవాదాలు. ఇంకొక్క విషయం: సిబ్బంది పేరుతో వెళ్లడానికి చిన్న హెచ్ ఆప్షన్‌తో లోకల్‌హోస్ట్ అని ఇవ్వవలసి వస్తోంది. అది లేకపోతే "పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అంటోంది. ఇది సహజమేనా?

నల్లతెర | మొదటి రోజు, మధ్యాహ్నం 1:30

సహజమే. హోస్ట్ ఇవ్వకపోతే యునిక్స్ సాకెట్ (అదే యంత్రంలోని లోపలి దారి) గుండా వెళుతుంది. అక్కడ డెబియన్, ఉబుంటుల పద్ధతి ప్రకారం లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒకటే కావాలి. లోకల్‌హోస్ట్ అంటే నెట్‌వర్క్ మార్గం, అక్కడ పాస్‌వర్డ్ అడుగుతుంది.

రాత్రిషిఫ్ట్ | మొదటి రోజు, మధ్యాహ్నం 3:50

పుస్తకాలబీరువా గారూ, ఒక్క పుస్తకం కూడా ఎక్కించకముందు దయచేసి ఒక పని చేయండి. షెల్‌లో "పీఎస్‌క్యూఎల్ -ఎల్" కొట్టి, మీ డేటాబేస్ వరుసలో ఎన్‌కోడింగ్ గడిలో ఏముందో చూడండి. ఓనర్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎన్‌కోడింగ్, డేటాబేస్ మొత్తానికి వర్తించే కొలేషన్ (మాటలను వరుసలో పేర్చే పద్ధతి) మాత్రం సృష్టించే క్షణంలోనే ఖాయమైపోతాయి, తరువాత మార్చడానికి ఆల్టర్ కమాండే లేదు. అంతా డంప్ తీసి (ఫైలుగా బయటికి రాయించి), కొత్తది సృష్టించి, మళ్లీ ఎక్కించుకోవలసిందే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవం. నేను పనిచేసిన ఒక చోట తెలుగు కథల శీర్షికలు, సారాంశాలు దాచే డేటాబేస్ ఉండేది. దానిని ఒక కురచ కంటైనర్‌లో సృష్టించారు. అందులో లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టలేదు కాబట్టి ఇనిట్‌డీబీ (సర్వర్‌ను మొదట సిద్ధం చేసే ప్రోగ్రాం) "సీ" లొకేల్ (భాష, ప్రాంతపు అమరిక) తీసుకుంది, దాంతో ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్_ఆస్కీ అయింది. ఈ ఎన్‌కోడింగ్‌లో సర్వర్ ఏమీ తనిఖీ చేయదు. తెలుగు వేస్తే తెలుగే తిరిగి వస్తుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకరోజు పరీక్షగా "సెలెక్ట్ లెంగ్త్" అని రాసి లోపల "తెలుగు" అన్న మాట పెట్టాను. 6 రావాలి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 18 వచ్చింది. అంటే అది అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతోంది. అప్పుడు అర్థమైంది, సారాంశాలను లెఫ్ట్ ఫంక్షన్‌తో 50 దగ్గర కత్తిరించి ఒక టేబుల్‌లో దాచిన చోటల్లా ఏం జరిగి ఉంటుందో. ఖాళీలు లేని పొడుగు మాటైతే 16 గుర్తులకు 48 బైట్లు, మిగిలిన 2 బైట్లు పదిహేడో గుర్తును ముక్క చేసిన శకలాలు. డంప్ తీసి యూటీఎఫ్-8 డేటాబేస్‌లోకి ఎక్కించబోతే "ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్" అని అక్కడ ఆగింది, దిద్దితే మరో చోట ఆగింది. ఆ శకలాలు ఉన్న వరుసలను ఒక్కొక్కటిగా పట్టుకుని, మూల సారాంశం నుంచి మళ్లీ తీసి దిద్దడానికి మూడు రాత్రులు పట్టింది.

ఏనుగుబొమ్మ | మొదటి రోజు, సాయంత్రం 4:30

అలాంటి సర్వర్‌లో యూటీఎఫ్-8 డేటాబేస్ కావాలని చిన్నగా "-ఈ" కాకుండా పెద్ద ఈ ఆప్షన్‌తో అడిగినా మొదట ఒప్పుకోదు. "కొత్త ఎన్‌కోడింగ్ టెంప్లేట్ డేటాబేస్ ఎన్‌కోడింగ్‌తో పొసగదు, టెంప్లేట్0 వాడండి" అంటుంది. కొత్త డేటాబేస్ శూన్యం నుంచి పుట్టదు, టెంప్లేట్1 అనే డేటాబేస్‌కు నకలుగా పుడుతుంది. టెంప్లేట్1లో మనం ఎవరమైనా ఏదైనా పెట్టి ఉండవచ్చు కాబట్టి ఎన్‌కోడింగ్ మార్చి నకలు తీయడం ప్రమాదం. టెంప్లేట్0 ఎవరూ ముట్టని శుభ్రమైన మూలం, అందుకే దాని నుంచి అయితే ఎన్‌కోడింగ్, లొకేల్ మార్చుకోనిస్తుంది. పెద్ద టీ ఆప్షన్‌తో దాని పేరు ఇవ్వాలి.

ఈ నకలు పద్ధతి వల్లే "టెంప్లేట్1ను ఇతరులు వాడుతున్నారు" అన్న ఎర్రర్ కూడా వస్తుంటుంది. మరో టెర్మినల్‌లో ఎవరో టెంప్లేట్1కు కనెక్ట్ అయి వదిలేసి ఉంటారు, దాన్ని మూస్తే సరి.

ఒకేఫైలు | మొదటి రోజు, సాయంత్రం 6:00

ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. ఒకే కంప్యూటర్, 6,000 పుస్తకాలు, ఒకరిద్దరు సిబ్బంది. దీనికి సర్వర్, యూజర్లు, ఓనర్లు, టెంప్లేట్లు ఎందుకు? ఎస్‌క్యూలైట్‌లో "ఎస్‌క్యూలైట్3" అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇస్తే డేటాబేస్ తయారు. కొత్తవాళ్లు తెలుసుకోవలసిన చిన్న విషయం ఒక్కటే: ఫైలు పేరు ఇవ్వగానే ఫైలు పుట్టదు, మొదటి టేబుల్ పెట్టినప్పుడే డిస్కు మీద కనిపిస్తుంది. బ్యాకప్ అంటే ఆ ఒక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడమే.

పుస్తకాలబీరువా | మొదటి రోజు, రాత్రి 8:20

మీ మాటలో న్యాయం ఉందండీ. కానీ పుస్తకాలు ఇచ్చే బల్ల దగ్గర ఒక కంప్యూటర్, చదువరులు వెతుక్కోవడానికి మరొకటి పెట్టాలనీ, పక్క ఊళ్లలోని రెండు గ్రంథాలయాలకు కూడా ఇదే ఇవ్వాలనీ అనుకుంటున్నాం. ఒకేసారి ఇద్దరు ముగ్గురు రాస్తారు కాబట్టి సర్వర్ మీదే ఉంటాను.

రాత్రిషిఫ్ట్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అనే ఉంది, "తెలుగు"కు 6 అనే వచ్చింది. కొలేషన్ గడిలో మాత్రం "ఈఎన్_ఐఎన్" అని ఉంది, ఉబుంటు వేసేటప్పుడు ఇండియా అని ఎంచుకున్నందువల్ల కావచ్చు. అంటే భారతీయ ఇంగ్లీషు పద్ధతి. శీర్షికలన్నీ తెలుగువే కదా, దీన్ని ఇలాగే ఉంచవచ్చా?

అకారాది | రెండో రోజు, ఉదయం 6:50

నేను గ్రంథాలయ శాస్త్రం చదివి, జాబితాల పనిలోనే ఉన్నదానిని. ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే పట్టికకు ప్రాణం వరుసే.

"సీ" కొలేషన్ అంటే యూనికోడ్ సంఖ్యల వరుస. తెలుగుకు ఇచ్చిన గడులు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉంటాయి. అచ్చులు, తరువాత హల్లులు, వాటి తరువాత గుణింతపు గుర్తులు, చివర పొల్లు ఉంటాయి కాబట్టి "కలప" ముందు, "కాకి" తరువాత, "క్షేత్రం" ఇంకా తరువాత వస్తాయి. నిఘంటువుల వరుసకు ఇది చాలా దగ్గర. తెలుగు ఒక్కటే ఉంటే ఈ వరుసతో నేనైతే సరిపెట్టుకుంటాను. చిక్కు వచ్చేది రెండు చోట్ల. మొదటిది, ౘ, ౙ అనే దంత్యాక్షరాలను 2008లో యూనికోడ్ 5.1లో చేర్చారు, అవి గుణింతపు గుర్తుల తరువాతి గడుల్లో ఉన్నాయి. పాత పుస్తకాల శీర్షికల్లో అవి ఉంటే "హ" కూడా దాటిన తరువాత ఎక్కడో కనిపిస్తాయి.

రెండోది ప్రతిరోజూ ఎదురయ్యేది. "కంప్యూటర్‌లో" వంటి మాటల్లో పొల్లు విడిగా కనబడడానికి మనం టైపు చేసే కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరు దాన్ని వాడతారు, మరొకరు వాడరు. "సీ" వరుసకు అది కూడా ఒక అక్షరమే, పైగా దాని సంఖ్య తెలుగు అక్షరాలన్నిటికన్నా పెద్దది. ఫలితంగా ఒకే మాటతో మొదలయ్యే రెండు శీర్షికలు పట్టికలో దూరదూరంగా పడతాయి. ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఇచ్చే కొలేషన్ ఆ గుర్తును వరుసకు లెక్కలోకి తీసుకోదు. తెలుగుకు ప్రత్యేకంగా అరసున్న, సున్న, విసర్గలు "ఔ" తరువాత రావాలన్న నియమం కూడా అందులో ఉంది.

ఒక హెచ్చరిక: వరుసలో పక్కపక్కన వచ్చినంత మాత్రాన వెతుకులాటలో ఆ రెండూ సమానం కావు. సమానమా కాదా అన్నప్పుడు పోస్ట్‌గ్రెస్ మామూలుగా బైట్లనే చూస్తుంది. కాబట్టి టైపు చేసేవారికి ఒకే పద్ధతి నేర్పడం తప్పదు.

ఏనుగుబొమ్మ | రెండో రోజు, ఉదయం 8:15

అకారాది గారు చెప్పినదానికి సర్వర్ వైపు నుంచి ఇంకొక కారణం చేరుస్తాను. "ఈఎన్_ఐఎన్" వంటి కొలేషన్లు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచి వస్తాయి. 2018లో జీలిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు వరుస నియమాలు భారీగా మారాయి. డెబియన్ 10కు, ఆర్‌హెచ్‌ఈఎల్ 8కు మారిన సర్వర్లలో, పాత వరుస ప్రకారం కట్టిన ఇండెక్సులు (త్వరగా వెతకడానికి కట్టే సూచికలు) కొత్త వరుసకు సరిపడక, ఉన్న రికార్డులు దొరక్కపోవడం, యూనిక్ అన్న చోట నకళ్లు రావడం జరిగింది. 15 నుంచి పోస్ట్‌గ్రెస్ ఈ తేడాను గమనించి హెచ్చరిస్తుంది. అప్పుడు రీఇండెక్స్ చేసి, ఆల్టర్ డేటాబేస్‌తో కొలేషన్ వెర్షన్‌ను తాజా చేయాలి.

మొత్తం డేటాబేస్‌కు ఐసీయూను పెట్టుకునే వీలు కూడా 15తోనే వచ్చింది. ఐసీయూ నియమాలు కూడా వెర్షన్‌ను బట్టి మారవచ్చు, రీఇండెక్స్ నియమం దానికీ ఉంది. అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధమే వద్దనుకునేవారికి 17లో బిల్టిన్ అనే ప్రొవైడర్ ఇచ్చారు, కానీ అది యూనికోడ్ సంఖ్యల వరుసే. మీకు వరుస ముఖ్యం కాబట్టి ఐసీయూ తీసుకోండి. ఇంకా పుస్తకాలు ఎక్కించలేదు కనుక ఇదే సమయం: "డ్రాప్‌డీబీ పుస్తకాలు" అని తీసేసి, "క్రియేట్‌డీబీ -ఈ యూటీఎఫ్8 -టీ టెంప్లేట్0 --లొకేల్-ప్రొవైడర్=ఐసీయూ --ఐసీయూ-లొకేల్=టీఈ -ఓ సిబ్బంది పుస్తకాలు" అని కొట్టండి. మొదటి ఈ, టీ, ఓ పెద్ద అక్షరాలు. చివరి టీఈ తెలుగు భాషా సంకేతం, చిన్న అక్షరాలు. ఇక్కడ విడిగా "--లొకేల్" ఆప్షన్ ఇవ్వకండి, అది లినక్స్‌లో ఆ పేరుతో లొకేల్ కోసం వెతికి ఎర్రర్ ఇస్తుంది.

తొలిఅడుగు | రెండో రోజు, ఉదయం 9:00

మా కళాశాలలో మైఎస్‌క్యూఎల్ నేర్పుతున్నారు. అక్కడ కూడా ఇంత ఆలోచించాలా?

రాత్రిషిఫ్ట్ | రెండో రోజు, ఉదయం 9:40

ఆలోచించాలి, కాస్త తక్కువ. షెల్ నుంచి "మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ క్రియేట్" అని పేరు ఇస్తే చాలు. 2018లో వచ్చిన 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 తనంతట తానే ఉంటుంది. అంతకుముందు లాటిన్1 ఉండేది, అందులో తెలుగు వేస్తే వరుసగా ప్రశ్నార్థకాలు మిగిలేవి. అక్కడ డేటాబేస్ క్యారెక్టర్ సెట్‌ను తరువాత మార్చవచ్చు, కానీ ఆ మార్పు కొత్తగా పెట్టే టేబుళ్లకే వర్తిస్తుంది, పాతవి పాతలాగే ఉంటాయి.

పుస్తకాలబీరువా | మూడో రోజు, రాత్రి 9:05

నిన్న పాతదానిని తీసేసి కొత్తది సృష్టించాను. నల్లతెర గారు చెప్పిన చిన్న ఈ ఆప్షన్ కూడా చేర్చాను కాబట్టి క్రియేట్ డేటాబేస్ వాక్యం మొత్తం తెర మీద కనిపించింది. ఓనర్, టెంప్లేట్, ఎన్‌కోడింగ్, ఐసీయూ అన్నీ అందులో ఒకే వరుసలో ఉన్నాయి. దాన్ని రిజిస్టరు మొదటి పేజీలో చేత్తో రాసి పెట్టాను. ఈ రోజు నవలల బీరువాలోంచి 140 శీర్షికలు ఎక్కించాం. వరుస అడిగితే "కం" మాటలు "కకారం" మొదట్లోనే ఒకచోట చేరి వచ్చాయి. మా గ్రంథపాలకురాలు కాగితపు జాబితాతో పక్కపక్కన పెట్టి వేలితో చూసుకుంటూ వెళ్లారు, ఎక్కడా ఆగలేదు.

ఇక పక్క ఊళ్ల గ్రంథాలయాల సంగతి. అక్కడ మళ్లీ ఈ పొడుగు కమాండంతా కొట్టాలా?

నల్లతెర | మూడో రోజు, రాత్రి 9:30

అక్కర్లేదు. పీజీ_డంప్‌కు పెద్ద సీ ఆప్షన్ ఇవ్వండి. పుస్తకాల వివరాలు లేకుండా ఖాళీ టేబుళ్లు మాత్రమే కావాలంటే చిన్న ఎస్ ఆప్షన్ కూడా చేర్చండి. డంప్‌లోనే క్రియేట్ డేటాబేస్ వాక్యం ఎన్‌కోడింగ్, లొకేల్‌లతో సహా వస్తుంది. అక్కడ దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు కనెక్ట్ అయి నడపాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: యూజర్లు ఆ డంప్‌లో రారు, కాబట్టి దాన్ని నడపడానికి ముందే అక్కడ క్రియేట్‌యూజర్‌తో సిబ్బందిని సృష్టించాలి. లేకపోతే ఓనర్‌ను పెట్టే వాక్యం దగ్గర "రోల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని వస్తుంది, డేటాబేస్ మాత్రం పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరుతో మిగిలిపోతుంది.

రాత్రిషిఫ్ట్ | మూడో రోజు, రాత్రి 9:45

డంప్ బదులు స్క్రిప్టు రాసుకునేవారి కోసం ఒక మాట. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ డేటాబేస్‌కు "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" లేదు, ట్రాన్సాక్షన్ లోపల నడవదు కూడా. అందుకని ముందు పీజీ_డేటాబేస్ జాబితాలో ఆ పేరు ఉందో లేదో సెలెక్ట్‌తో చూసి, లేనప్పుడే క్రియేట్‌డీబీని పిలవండి. అన్ని ఎర్రర్లనూ మింగేసేలా స్క్రిప్టు రాయకండి. పేరు ముందే ఉందన్న ఎర్రరు, లొకేల్ తప్పన్న ఎర్రరు రెండూ ఒకే రకంగా కనబడకుండా పోతాయి.

పుస్తకాలబీరువా | మూడో రోజు, రాత్రి 10:10

ముందు క్రియేట్‌యూజర్, తరువాత డంప్. ఇది కూడా రిజిస్టరులో ఆ వాక్యం కిందనే రాసుకున్నాను. ఆదివారం మొదటి ఊరికి వెళుతున్నాను. అక్కడి యంత్రంలో డెబియన్ 12, దాంతో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 ఉన్నాయి. 16లో తీసిన డంప్‌ను 15 తీసుకుంటుందా?

ఏనుగుబొమ్మ | మూడో రోజు, రాత్రి 10:25

కొత్త వెర్షన్ డంప్ పాత సర్వర్‌లోకి ఎక్కుతుందన్న హామీ లేదు. అక్కడ కూడా 16 వేసుకుని వెళ్లండి. పోస్ట్‌గ్రెస్ వారి సొంత ఆప్ట్ రిపాజిటరీలో డెబియన్ 12కు 16 దొరుకుతుంది. కానీ అక్కడ 15 తీయకుండా 16 చేరిస్తే కొత్తది 5432 బదులు 5433 పోర్టులో లేస్తుంది, కాబట్టి ప్రతి కమాండ్‌కూ చిన్న పీ ఆప్షన్‌తో 5433 అని ఇవ్వండి.